బారెడు ఫిల్ము, కడిగే చేతులు

ఛాయాగ్రహణానికి తెలుగులో రెండు తరగతుల మాటలున్నాయి. ఛాయాచిత్రం, ఛాయాగ్రాహకుడు మొదలైనవి చదువుకున్నవారు కూర్చినవి. ఫోటో దిగడం, రీలు వేయడం, ఫిల్ము కడగడం అనేవి స్టూడియోల చీకటిగదుల్లో పుట్టి జనం నోట నిలిచినవి. ఈ రెండవ తరగతిలో నాకు మిక్కిలి ఇష్టమైన మాట 'కడగడం'. ఇంగ్లీషువారు ఈ పనిని వికాసంగా, అభివృద్ధిగా భావించారు. మన స్టూడియోలవారు చేతి పనిని చూసి పేరు పెట్టారు. గిన్నెలో నీళ్ళున్నాయి, మందు ఉంది, చేయి ఉంది. కనుక అది కడగడమే. ముప్పై మూడేళ్ళు పిల్లలకు తెలుగు చెప్పి విశ్రమించిన నాకు ఈ క్రియాపదం మీద ఇప్పటికీ మమకారం తీరలేదు. దానికొక కారణముంది. సినిమా ఫిల్మును మామూలు కెమెరాలో వేసి ఫోటోలు తీసుకున్న వారి చరిత్ర అంతా ఈ ఒక్క మాటలో ఇమిడి ఉంది. ఫిల్ము ఎలాగో దొరికేది. దాన్ని కడిగే చేయి దొరకడమే కష్టమయ్యేది. ఆ చేయి మొదట మన ఊళ్ళలో ఉండి, తరువాత పట్నాలకు పోయి, చివరకు కనుమరుగైన వైనమే ఈ వ్యాసానికి విషయం.

ముందు కుల గోత్రాలు చెప్పుకోవాలి. పాఠశాలలో మేము ప్రకృతి, వికృతి అని చెబుతాం. 'రాత్రి' ప్రకృతి, 'రాతిరి' వికృతి. రూపం మారినా మూలం ఒక్కటే. సినిమా ఫిల్ముకూ మన కెమెరా రీలుకూ ఉన్న సంబంధం సరిగ్గా ఇటువంటిదే. పెళ్ళిళ్ళలోనూ తీర్థయాత్రల్లోనూ కొన్ని దశాబ్దాలపాటు మనం వాడిన 35 మి.మీ. రీలు ఫోటోల కోసం పుట్టినది కాదు. అది సినిమా సొత్తు. మామూలు కెమెరా దానిని అరువు తెచ్చుకొంది.

అమెరికాలో ఈస్ట్‌మన్ కంపెనీ 1889లో పారదర్శకమైన సెల్యులాయిడ్ ఫిల్మును అమ్మకానికి తెచ్చింది. ఎడిసన్ ప్రయోగశాలలో పనిచేస్తున్న విలియం డిక్సన్ 1890ల ఆరంభంలో దాదాపు 70 మి.మీ. వెడల్పు గల ఆ ఫిల్మును నిలువునా రెండుగా చీల్చి, రెండు అంచులా రంధ్రాలు పొడిపించి, ఒక్కొక్క బొమ్మకు నాలుగేసి రంధ్రాలు కేటాయించాడు. శతాబ్దానికి పైగా ప్రపంచ సినిమా నడిచింది ఆ కొలత మీదనే. ఫిల్ము పైనుండి కిందికి జారుతుంది. బొమ్మ అడ్డంగా సుమారు 24 మి.మీ., నిలువుగా 18 మి.మీ. ఉంటుంది.

ఈ ఫిల్మును నిశ్చల చిత్రాలకు వాడవచ్చునని పలువురికి తోచింది. 1913లో అమెరికాలో 'టూరిస్ట్ మల్టిపుల్' అనే కెమెరా వచ్చింది. యాభై అడుగుల సినిమా ఫిల్ము నింపుకొని 750 బొమ్మలు తీసేది. అన్ని బొమ్మలు తీసిన తరువాతగాని కడిగించే వీలు లేకపోవడం సామాన్యుడికి ఏమంత సౌకర్యం? అదే కాలంలో జర్మనీలోని వెట్‌స్లార్ పట్టణంలో లైట్జ్ అనే సూక్ష్మదర్శినుల కంపెనీలో ఆస్కార్ బార్నాక్ అనే పనివాడు చిన్న లోహపు కెమెరా ఒకటి చేశాడు. ఆయనకు ఉబ్బసం. గాజు పలకల బరువు కెమెరాను మోసుకొని కొండలెక్కడం ఆయన వల్ల కాలేదు. 1914 నాటికి సిద్ధమైన ఆ కెమెరాలో సినిమా ఫిల్మును నిలువుగా కాక అడ్డంగా నడిపించి, రెండు సినిమా బొమ్మల చోటును కలిపి ఒకే బొమ్మ చేశాడు. నాలుగు రంధ్రాలు ఎనిమిదయ్యాయి. బొమ్మ 24 × 36 మి.మీ. అయింది. యుద్ధం వచ్చి ఆ పని ఆగింది. 1925లో లైప్‌జిగ్ సంతలో 'లైకా' అనే పేరుతో అది లోకానికి పరిచయమైంది.

రీలుకు ముప్పై ఆరు బొమ్మలే ఎందుకు అనే ప్రశ్నకు ఒక కథ ప్రచారంలో ఉంది. బార్నాక్ రెండు చేతులూ చాచి పట్టుకోగలిగినంత ఫిల్మును తుంచి కెమెరాలో వేసేవాడట. అందులో ముప్పై ఆరు బొమ్మలు పట్టేవట. కథ కాబట్టి అంతవరకే నమ్మవచ్చును గాని, లెక్క మాత్రం చక్కగా సరిపోతుంది. ఒక బొమ్మకూ దాని పక్క సందుకూ కలిపి 38 మి.మీ. కావాలి. ముప్పై ఆరింటికి సుమారు 1.37 మీటర్లు. మొదలూ చివరా వెలుగు తగిలి పాడయ్యే భాగాన్ని కలుపుకొంటే 1.6 మీటర్లకు దగ్గరపడుతుంది. మన వాళ్ళ కొలతలో అది ఇంచుమించు ఒక 'బార'. తాడు కొలిచినా, నూతిలో నీళ్ళ లోతు చెప్పినా మన పెద్దలు వాడిన ఆ బారే ప్రపంచానికి రీలు కొలత అయిందని తలచుకుంటే ఆశ్చర్యం కలుగుతుంది.

ఇంకొక లెక్క చూడండి. శబ్దచిత్రం క్షణానికి, అనగా సెకనుకు, 24 బొమ్మల చొప్పున నడుస్తుంది. నిమిషానికి 90 అడుగుల ఫిల్ము ఖర్చవుతుంది. ఆ 90 అడుగులను బారల్లో తుంచితే పదిహేడు రీళ్ళు వస్తాయి, అంటే ఆరువందల పైచిలుకు ఫోటోలు. తెర మీద నాయిక ఒక నిమిషంసేపు చెట్టు చుట్టూ తిరిగేందుకు అయ్యే ఫిల్ముతో ఒక చిన్న పల్లెలోని మనుషులందరికీ తలకొక్క ఫోటో తీయవచ్చును. ఈ తారతమ్యం నుండే బిట్ల వ్యాపారం పుట్టింది.

బిట్లు అంటే ఏమిటో చెప్పాలి. సినిమా కెమెరాకు ఫిల్ము 400 అడుగులు, 1000 అడుగుల చుట్టలుగా వస్తుంది. తీయబోయే దృశ్యానికి చాలని కొస మిగిలితే ఛాయాగ్రాహకుడు దానిని నమ్ముకోడు. విప్పి డబ్బాలో పెట్టి, కొత్త చుట్ట ఎక్కిస్తాడు. వెలుగు చూడని ఆ కొసలే బిట్లు. అందులో నూరడుగులుంటే దాదాపు పంతొమ్మిది రీళ్ళు.

ఇటువంటి కొసలకు మన దేశంలో విలువ హెచ్చడానికి కరువే కారణం. మనకు ముడి ఫిల్ము పరదేశం నుండి రావలసిందే. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో కొరత ముదిరి, కథాచిత్రం నిడివి 11,000 అడుగులు దాటరాదని ప్రభుత్వం ఆంక్ష పెట్టింది. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత విదేశీ మారకద్రవ్యం కొరతవల్ల దిగుమతి లైసెన్సులు, వాటాలు వచ్చాయి. ఆ అవసరం తీర్చడానికే 1960లో హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ అనే ప్రభుత్వ సంస్థ ఏర్పడి, ఉదకమండలంలో కర్మాగారం కట్టి, 1967లో ఉత్పత్తి మొదలుపెట్టింది. దాని సరుకు పేరు 'ఇందు'. చంద్రుడి పేరు పెట్టుకొన్న ఆ నలుపు తెలుపు ఫిల్మును, ఎక్స్‌రే ఫిల్మును ఎరుగని స్టూడియో, ఆసుపత్రి అప్పట్లో అరుదు. తూర్పు జర్మనీలోని వోల్ఫెన్ నుండి రూపాయల వాణిజ్య ఒప్పందం కింద 'ఓర్వో' ఫిల్ము వచ్చేది. ఇన్ని ఉన్నా చిన్న ఊళ్ళ స్టూడియోవాడికి డబ్బాలో వచ్చే కొత్త రీలు భారమే. బిట్టు దొరికితే పండుగే.

తెలుగు సినిమాకూ ఫోటో స్టూడియోకూ ఉన్న చుట్టరికం ఇంతకంటే పాతది. తెలుగు చలనచిత్ర పితామహుడిగా మనం గౌరవించే రఘుపతి వెంకయ్య నాయుడుగారు మద్రాసులో ఫోటో స్టూడియో నడిపినవారే. ఆ స్టూడియోను తాకట్టు పెట్టి 1910 ప్రాంతంలో క్రోనోమెగాఫోన్ అనే బొమ్మల యంత్రం తెప్పించారు. 1914లో మౌంట్‌రోడ్డున గెయిటీ థియేటరు కట్టారు. వారి కుమారుడు ప్రకాశ్ 1921లో 'భీష్మ ప్రతిజ్ఞ' తీశారు. స్టూడియో తన ఆస్తినిచ్చి సినిమాను పోషించింది. తరువాతి కాలంలో సినిమా తన ఎంగిలి బిట్లతో స్టూడియోలను పోషించింది. ఋణం తీరిందనుకోవచ్చును.

ఇక కడగడం సంగతి. నలుపు తెలుపు ఫిల్ము విషయంలో సినిమా ఫిల్ముకూ మామూలు ఫిల్ముకూ చీకటిగదిలో పెద్ద భేదం లేదు. డెవలపరు, నీళ్ళు, హైపో, మళ్ళీ నీళ్ళు. ఇంతే క్రతువు. పైగా ప్రపంచంలోని ఫోటోగ్రాఫర్లందరూ వాడిన డి-76 అనే డెవలపరు సూత్రం కూడ 1920లలో కొడాక్ ప్రయోగశాలలో సినిమా ఫిల్ము కోసం పుట్టినదే. లీటరు నీళ్ళలో మెటాల్ 2 గ్రాములు, సోడియం సల్ఫైట్ 100 గ్రాములు, హైడ్రోక్వినోన్ 5 గ్రాములు, బోరాక్స్ 2 గ్రాములు. ఈ బోరాక్స్ మన కంసాలి దగ్గరుండే వెలిగారమే. ఇందులో రహస్యమేదీ లేదు. త్రాసు, మందుల సీసాలు, చీకటి ఉంటే ఎంత చిన్న ఊళ్ళోనైనా ఆ పని సాగుతుంది. సినిమా కోసం పుట్టిన ఫిల్మూ, సినిమా కోసం పుట్టిన మందూ కలిసి మారుమూల చీకటిగదికి చేరాయి. అక్కడి మనిషికి స్వాధీనమయ్యాయి. స్వాధీనం అనే మాటను నేను తూచి వాడుతున్నాను.

మా ఊరు అనంతగిరి. వికారాబాదు కొండల అనంతగిరీ, అరకు దారిలోని అనంతగిరీ కాదు. కోదాడ పక్కన, హైదరాబాదు నుండి విజయవాడ పోయే బాటకు చేరువన ఉన్న ఊరు. ఒకప్పుడు నల్లగొండ జిల్లా, కోదాడ మండలం. 2016 అక్టోబరులో సూర్యాపేట జిల్లా ఏర్పడినప్పుడు మా ఊరే మండల కేంద్రమైంది. ఈ ప్రాంతపు సామాన్య జనం ముఖాలు ఫోటోల్లోకి ఎక్కడం ఆలస్యంగా జరిగింది. 1940లలో తెలంగాణ రైతుల పోరాటాన్ని సునీల్ జానా వంటి ఛాయాగ్రాహకులు బయటినుండి వచ్చి చిత్రించారు. ఆ చిత్రాలు చరిత్రకు దక్కాయి. చిత్రంలో ఉన్న మనిషి ఇంటి గోడకు దక్కలేదు. ఇంటి గోడ మీద సొంత మనిషి ఫోటో వేలాడాలంటే దగ్గరి ఊళ్ళో స్టూడియో ఉండాలి, అక్కడ ధర అందుబాటులో ఉండాలి. మా పల్లెల్లో చాలామంది ముసలివాళ్ళకు మొదటి ఫోటోయే చివరి ఫోటో. పాడె కట్టే ముందు కుర్చీలో కూర్చోబెట్టి, పూలదండ వేసి తీసినది. బతికుండగా ఫోటో దిగే యోగం వాళ్ళకు లేకపోయింది.

1976 ప్రాంతంలో పదవ తరగతి హాల్ టికెట్టు ఫోటో కోసం నేను కోదాడలో ఒక స్టూడియోకు వెళ్ళడం మొదలు, ఆ యజమానితో స్నేహం కుదిరి పాతికేళ్ళు సాగింది. ఆయన దగ్గర తగరపు డబ్బాలో, నల్ల కాగితంలో చుట్టిన సినిమా బిట్లుండేవి. మద్రాసులో కెమెరా విభాగంలో సహాయకుడిగా ఉన్న బంధువొకరు పండుగలకు వచ్చేటప్పుడు తెచ్చేవాడు. రాత్రి భోజనమయ్యాక దీపాలన్నీ ఆర్పి, తలుపు సందుల్లో గుడ్డలు కుక్కి, ఆయన ఫిల్మును చేతులు చాచి కొలిచేవాడు. కొలబద్ద లేదు, గడియారం లేదు. బారెడు కొలిచి, కత్తిరించి, పాత రీళ్ళ ఖాళీ డబ్బాల్లో చుట్టేవాడు. మరునాడు ఆ రీలుతో చుట్టుపక్కల ఊళ్ళు తిరిగేవాడు. కొత్త రీలు వేసిన రోజున ఆయన లెక్క చూసి మీట నొక్కేవాడు. బిట్టు వేసిన రోజున మాత్రం చేయి ధారాళంగా ఉండేది. నాట్లు వేసి వస్తున్న ఆడవాళ్ళను నిలబెట్టి తీశాడు, బళ్ళోళ్ళను తీశాడు, మా ఊరి చాకలి తాతను మనవరాలితో సహా తీశాడు. ధర సగమే తీసుకునేవాడు. కొందరిని అడిగేవాడే కాదు.

మా ఎండల్లో ఇరవై డిగ్రీల నీళ్ళు ఎక్కడివి? వేడి హెచ్చితే ఫిల్ము మీది జిలెటిన్ పొర మెత్తబడి ఊడుతుంది. అందుకని వేసవిలో కుండ నీళ్ళతో తెల్లవారుజామున కడిగేవాడు. ఇన్ని పాట్లు పడినా ఆ పని మొదటినుండి చివరిదాకా ఆయన చేతిలోనే ఉండేది. ఉదయం తీసిన ఫోటోను మరునాటి సంతలో మనిషికి అందించగలిగేవాడు.

రంగులు వచ్చాక ఈ స్థితి మారింది. తెలుగులో మొట్టమొదటి పూర్తి నిడివి రంగుల చిత్రం 'లవకుశ' 1963లో, గేవాకలర్‌లో వచ్చింది. తరువాత పదిహేనేళ్ళకు సినిమాలన్నీ రంగులమయమయ్యాయి. దానితోపాటు మద్రాసు బిట్లు కూడ రంగు బిట్లయ్యాయి. కొడాక్ వారి ఈస్ట్‌మన్ కలర్ నెగటివు 1950లో మొదలై, 1974లో 5247 అనే సంఖ్యతో కొత్త రూపం పొందింది. దానిని కడిగే విధానానికి ఇ.సి.ఎన్-2 అని పేరు. మామూలు కెమెరాల రంగు రీళ్ళకు 1972 నుండి సి-41 అనే వేరే విధానం ఏర్పడింది. ఒకే కంపెనీ, ఒకే వెడల్పు, ఒకే రంధ్రాల వరుస. కాని కడిగే మందులు వేరు. ఒకదానికి సి.డి-3 అనే రసాయనం, మరొకదానికి సి.డి-4. ప్రకృతీ వికృతీ అర్థభేదంతో విడిపోయిన సందర్భాలు వ్యాకరణంలో ఉన్నాయి గదా, ఇదీ అటువంటిదే.

మందుల భేదం కంటే పెద్ద చిక్కు మరొకటి ఉంది. సినిమా నెగటివుకు వీపున మసి పూత ఉంటుంది. దానిని 'రెమ్‌జెట్' అంటారు. సన్నని బొగ్గుపొడి కలిపిన నల్లని పొర. దీపాలను తీసినప్పుడు వెలుతురు ఫిల్మును దాటిపోయి వెనుకనుండి తిరిగి ప్రతిఫలించకుండా అది పీల్చుకుంటుంది. కెమెరాలో ఫిల్ము వేగంగా పరుగెడుతున్నప్పుడు రాపిడివల్ల పుట్టే విద్యుత్తు మెరుపులను అణచుతుంది. గీతలు పడకుండా కాపాడుతుంది. సినిమాకు అది కవచం. ఇతరులకు అదే కంటకం. ఈ మసిని ముందుగా క్షారజలంలో నానబెట్టి మెత్తబరచి, నీటి జల్లుతో తుడిచివేయాలి. ఆ క్షారజలంలోనూ వెలిగారం ఉంది. మసి పూర్తిగా పోకపోతే మందులో కలిసి, బొమ్మ వైపు అంటుకొని మచ్చలవుతుంది. ఇక్కడ కడగడమంటే అలంకారం కాదు, అక్షరాలా కడగడమే.

ఆపైన డెవలపరు వేడి 41.1 డిగ్రీలు, కాలం మూడు నిమిషాలు. మా కోదాడ మే నెల ఎండకు నీళ్ళు కాచే పనే లేదని నవ్వుకోవచ్చును. అయితే ఆ వేడి డిగ్రీలో పదోవంతు కూడ అటూ ఇటూ కారాదు. పెద్ద ల్యాబుల్లో యంత్రం దానిని కనిపెట్టి ఉంటుంది. మద్రాసులో జెమినీ, విజయా, 1976లో ఎల్.వి. ప్రసాద్‌గారు స్థాపించిన ప్రసాద్ ల్యాబు వంటి చోట్ల ఫిల్ము వేల అడుగుల చొప్పున ఆగకుండా యంత్రంలో పరుగెత్తేది. బారెడు ముక్కను అందులో విడిగా వేయడం కుదిరేది కాదు. మరొక ఫిల్ముకు అతికించి పంపవలసి వచ్చేది. అంటే తెలిసినవాడు లోపల ఉండాలి, సినిమావారి ఫిల్ము కడిగే రోజు రావాలి, వారి దయ కలగాలి.

కడిగి వచ్చినా కథ ముగియదు. సినిమా నెగటివును కావాలనే మందమైన ఛాయలతో చేస్తారు. దానిని అచ్చువేసే పాజిటివు ఫిల్ము ఆ లోటును పూరిస్తుంది. అదే నెగటివును ఫోటో కాగితం మీద అచ్చు వేస్తే బొమ్మ చప్పగా ఉంటుంది. పైగా ఆనాటి సినిమా నెగటివు స్టూడియో దీపాల పచ్చని వెలుతురుకు తగినట్లు చేసినది. నారింజరంగు ఫిల్టరు పెట్టకుండా ఎండలో తీస్తే అంతా నీలి ఛాయ.

మా స్టూడియో ఆయనకు 1980ల ఆరంభంలో రంగు బిట్లు చేతికి వచ్చాయి. రెండు రీళ్ళు తీసి మద్రాసు పంపాడు. మూడు నెలలకు తిరిగివచ్చాయి. అప్పటికి పెళ్ళికూతురు కాపురానికి వెళ్ళిపోయింది. తరువాత మరొక రీలును దగ్గరి పట్నంలో కొత్తగా పెట్టిన రంగుల ల్యాబుకు తీసుకువెళ్ళాడు. వాళ్ళు ఫిల్ము వీపు చూసి, మసి తమ యంత్రాన్ని పాడుచేస్తుందని, ముట్టుకోకుండానే వెనక్కి ఇచ్చారు. వారి మాటలో తప్పు లేదు. ఆ సాయంత్రం ఆయన నాతో అన్న మాట నాకిప్పటికీ గుర్తు: "సారూ, ఫిల్ముకేంది, ఎట్లనో అట్ల దొరుకుతది. కడిగేటోడు దొరకాలె." అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్న సామెత ఆయన విషయంలో నిజమైంది. మిగిలిన బిట్టు ఆ తగరపు డబ్బాలోనే ముసలిదైపోయింది.

ఈ బాధ మా ఒక్కరిదే కాదు. అమెరికాలో సియాటిల్ ఫిల్మ్‌వర్క్స్ అనే కంపెనీ సినిమా నెగటివును మామూలు రీళ్ళుగా చుట్టి, తపాలా ద్వారా చౌకగా పంపేది. ఒకే రీలు నుండి కాగితపు ఫోటోలూ, తెర మీద చూసుకొనే స్లైడులూ రెండూ ఇస్తామనేవారు. ఇచ్చేవారు కూడ. అయితే మామూలు ల్యాబులు ఆ మసి ఫిల్మును తీసుకోవు గనుక, కొన్నవాడు కడిగించుకోవడానికి మళ్ళీ వాళ్ళకే పంపాలి. ఫిల్ము చౌక, తాళంచెవి వాళ్ళ దగ్గర. కొడాక్ వారి ప్రసిద్ధమైన కొడాక్రోమ్ కథ ఇంకా దారుణం. అది కూడ 1935లో 16 మి.మీ. సినిమా ఫిల్ముగా పుట్టి, మరుసటి ఏడు మామూలు కెమెరాకు వచ్చినదే. దానికీ వీపున మసి ఉంది. కడిగే విధానం అతి క్లిష్టం. 2009లో తయారీ ఆపారు. 2010 చివరకు లోకమంతటికీ దానిని కడిగే ల్యాబు కాన్సాస్ రాష్ట్రంలో ఒక్కటే మిగిలింది. ఆ ఏటి చివరి రోజులతో అదీ ఆ పని మానుకొంది. ఆ తరువాత ఎవరి పెట్టెలోనైనా కడగని కొడాక్రోమ్ రీలు ఉంటే అందులోని రంగులు చూడడం ఇంచుమించు అసాధ్యం. ఫిల్ము ఉన్నా, మనిషి ఉన్నా, కడిగే విద్య పోతే బొమ్మ పోయినట్లే.

మన దగ్గర కూడ అంతే జరిగింది. 1990లలో ఊరూరా సి-41 ల్యాబులు వెలసి, రంగు రీళ్ళు చౌకబడి, బిట్లతో అవసరం తగ్గింది. చీకటిగదులు మూతబడ్డాయి. స్టూడియోవాడు తీసేవాడుగా మాత్రమే మిగిలాడు. కడిగేవాడు పట్నంలోని యంత్రం. ఆ తరువాత డిజిటల్ కెమెరా వచ్చి ఆ యంత్రాన్నీ పంపివేసింది. సినిమా వైపు చూస్తే, కొడాక్ కంపెనీ 2012 జనవరిలో దివాలా రక్షణ కోరింది. ఫ్యూజీ 2013లో సినిమా ఫిల్ము తయారీ మానింది. ఆ దశాబ్దంలోనే దక్షిణాది ల్యాబుల్లో మందు తొట్లు ఒక్కొక్కటిగా ఎండిపోయాయి. ప్రసాద్ వారు పాత చిత్రాలను డిజిటల్‌గా బాగుచేసే పనిలో పేరుపొందారు. ఉదకమండలం కర్మాగారంలో వెన్నెల ఆరిపోయింది.

విచిత్రమేమంటే, అందరూ పోయిందనుకొన్న ఈ అలవాటు ప్రపంచంలో మళ్ళీ చిగురించింది. అమెరికాలో 2012లో మొదలైన సినీస్టిల్ అనే చిన్న సంస్థ కొడాక్ సినిమా నెగటివు వీపున మసిని ముందుగానే తొలగించి, మామూలు రీళ్ళుగా అమ్మసాగింది. మసి లేదు గనుక ఏ సి-41 ల్యాబైనా కడుగుతుంది. మసి లేనందువల్లనే రాత్రిపూట తీసిన దీపాల చుట్టూ ఎర్రని వలయాలు పడతాయి. కుర్రకారు ఆ దోషాన్నే అందమని మెచ్చుకొన్నారు. మరికొందరు ఇంట్లోనే వెలిగారపు నీళ్ళతో మసి తుడిచి, మందులు తామే కలుపుకొని కడుగుతున్నారు. 2025లో కొడాక్ తన విజన్3 సినిమా నెగటివులకు మసి పూతను మాని, ప్రతిఫలనాన్ని అడ్డే మరొక పొరను ఫిల్ములోపలే పెట్టడం ప్రారంభించింది. యాభై ఏళ్ళుగా సినిమా ఫిల్ముకూ మామూలు ల్యాబుకూ నడుమ నిలిచిన నల్లని గోడ కూలిందన్నమాట. మందుల భేదం మాత్రం అలాగే ఉంది. మా స్టూడియో ఆయనకు ఈ వార్త చెప్పే వీలు లేదు. ఆయన కాలం చేసి పదేళ్ళు దాటింది.

ఇది గతించిన వృత్తి ముచ్చట మాత్రమే అయితే నేనింత రాయకపోదును. మన ఇళ్ళలో ఇంకా మిగిలిన నెగటివుల సంగతి ఉంది. తెలుగులో తొలి శబ్దచిత్రం 'భక్త ప్రహ్లాద' 1932 ఫిబ్రవరి 6న విడుదలైంది. ఈనాడు దాని ప్రతి ఒక్కటీ లేదు. పాత ఫిల్ములను వెండి కోసం కరిగించుకొన్న దేశం మనది. కోట్లు పోసి తీసిన సినిమాలకే ఆ గతి పడితే, బారెడు బిట్టు మీది చాకలి తాతకు దిక్కెవరు? కాగితపు ఫోటోకు చెదలు పట్టవచ్చును, గోడ తేమకు అంటుకుపోవచ్చును. నెగటివు ఉంటే ఆ మనిషిని మళ్ళీ తీసుకురావచ్చును.

కనుక చదువరులు తమ అటకల మీది పెట్టెలు ఒకసారి దించి చూడాలని నా మనవి. పాత నెగటివు ముక్క దొరికితే దాని అంచును వెలుతురుకు ఎత్తి చూడండి. మామూలు రీలైతే ప్రతి బొమ్మ కింద 1, 1ఏ, 2, 2ఏ వంటి వరుస అంకెలుంటాయి. అవి లేక, అడుగుకొకటి చొప్పున, అనగా అరవై నాలుగు రంధ్రాలకొకసారి, పెద్ద సంఖ్య ఒకటి కనిపిస్తే అది సినిమా ఫిల్ము. మన ఫోటో లెక్కలో ఎనిమిది బొమ్మలకొక సంఖ్య. మీ తాతగారినో నాయనమ్మనో ఏ సినిమా కోసమో వచ్చి మిగిలిన కొస మీద ఎవరో ఒక స్టూడియో ఆయన తీసి, తన చేతులతో కడిగాడన్నమాట. నెగటివు పుల్లని వాసన వేస్తుంటే అసిటేటు పొర కుళ్ళడం మొదలైనట్లు గుర్తు. ఆలస్యం చేయకుండా స్కాను చేయించాలి. వాసన లేకున్నా ప్లాస్టిక్ సంచుల్లోంచి తీసి, పొడి కాగితపు కవర్లలో, చల్లని చోట ఉంచాలి. స్కాను చేసినంత మాత్రాన నెగటివును పారవేయరాదు.

కోదాడలోని ఆ స్టూడియో ఉన్న చోట ఇప్పుడు సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణముంది. ఆయన కుమారుడు తండ్రి నెగటివులను రెండు ఇనుపపెట్టెల్లో దాచాడు. గడచిన చలికాలంలో అతనూ నేనూ కూర్చొని వాటిలో నాలుగువందల పైచిలుకు ముక్కలను స్కాను చేశాం. అంచున వరుస అంకెలు లేనివి సగానికి పైగా ఉన్నాయి. ఊరి పెద్దలను పిలిచి చూపిస్తూ, ఎవరెవరో గుర్తుపట్టినవారి పేర్లు ఒక నోటుపుస్తకంలో రాస్తున్నాను. ఇప్పటికి నూట పన్నెండు పేర్లు తేలాయి. చాకలి తాత పక్కనున్న మనవరాలు ప్రస్తుతం మిర్యాలగూడలో ఉంటోంది. ఫోటో అచ్చు వేయించి పంపాం. తాతను చూసినట్లు తనకు లీలగా గుర్తుందేగాని, ముఖం ఇట్లా ఉంటుందని ఇప్పుడే తెలిసిందని ఫోనులో చెప్పింది.